బాపు అడిగిన కొసరు

మొన్న సాయంత్రం నడకకని బయలుదేరి, మా కాలనీ మూల మీది చిన్న దుకాణం దగ్గర ఆగిపోయాను. కొనవలసింది ఏమీ లేదు. ఒక యువకుడు తన పాపను ఎత్తి కౌంటరు మీద కూర్చోబెట్టి, ఏం కావాలో నువ్వే అంకుల్‌ను అడుగు అంటున్నాడు. పాప తండ్రి చొక్కా కాలరు పట్టుకుని మొహం అందులో దాచుకుంది. అంతలో దిగబోయే విమానం ఒకటి మా నెత్తి మీదుగా పోయింది. అది పోయేదాకా ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి అందరం ఊరుకున్నాం. చప్పుడు తగ్గాక ఆ తండ్రి మళ్ళీ అదే మాట, అంతే నెమ్మదిగా అన్నాడు. పాప అడిగిందో లేదో నేను చూడలేదు. ఇంకాసేపు నిలబడితే బాగుండదని వచ్చేశాను.

ఇంటికి వచ్చి డైరీ తీశాను. నౌకరీలో చేరిన ఏడు మొదలైన అలవాటు, పదవీ విరమణ తర్వాత కూడా పోలేదు. రోజుకు ఒక పేజీ. వాన పడిందా, ఎవరొచ్చారు, ఏం తిన్నాం, అంతే. కానీ నాకు ఆ సాయంత్రం గుర్తుకొచ్చిన సంగతి ఏ డైరీలోనూ లేదు. అది నాకు అక్షరాలు రాని కాలం నాటిది. అందుకని కళ్ళారా చూసినదాన్ని చూసినట్టు, తర్వాత అమ్మ చెప్పగా విన్నదాన్ని విన్నట్టు చెబుతాను.

అప్పటి శంషాబాద్ బెంగుళూరు రోడ్డుకు రెండు పక్కలా ఒదిగి ఉన్న ఊరు. రోడ్డంటే ఇప్పటి రోడ్డు కాదు. రెండు లారీలు ఎదురుపడితే ఒకటి మట్టిలోకి దిగి దారి ఇచ్చేది. మా ఇల్లు ఊరి చివర, ఇంటి వెనక నుంచే చేను. బాపు, అంటే మా నాన్న, కూరగాయలు పండించేవాడు. పాలకూర, తోటకూర, వంకాయ, బెండ, గట్ల వెంట పుదీనా. తెల్లవారుజామున బండి కట్టుకుని ఆరాంఘర్ మీదుగా పట్నం మండికి పోయి, పొద్దెక్కేసరికి తిరిగి వచ్చేవాడు. వచ్చిన మనిషి ఒంటి నుంచి తడి గోనెసంచి వాసన, కొత్తిమీర వాసన కలిసి వచ్చేవి. ఆ వాసన ఇప్పుడు ఏ మార్కెట్లో తగిలినా ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూస్తాను.

మండిలో బాపుకు ఒక పేరుండేది. ఎక్కువ మాట్లాడడు, బేరం ఆడడు, కొన్న ప్రతివాళ్ళ సంచిలో అడగకముందే ఓ పిడికెడు పుదీనానో కొత్తిమీరనో పైన వేస్తాడు. ఆ పైన వేసేదే కొసరు.

కొసరు సంగతి ఈ కాలం పిల్లలకు కొంచెం విప్పి చెప్పాలి. దుకాణంలో ఏ వస్తువైనా జోకిన, అంటే తూచిన తర్వాత, పొట్లం కట్టేముందు కొనేవాళ్ళు చెయ్యి చాపి కొసరు అడిగేవాళ్ళు. దుకాణదారు ఇంకో చిటికెడు వేసేవాడు. పిల్లలు వెంట ఉంటే వాళ్ళ చేతిలో నాలుగు పుట్నాలో చిన్న బెల్లం ముక్కో పెట్టేవాడు. అడగనివాళ్ళకు ఇవ్వాలని లేదు, అడిగితే కాదనడానికి లేదు. ఉన్నవాళ్ళు లేనివాళ్ళు అని కాదు, అందరూ అడిగేవాళ్ళే. ఆ మాటకొస్తే ఉన్నవాళ్ళు ఇంకా గట్టిగా అడిగేవాళ్ళు. బాపు ఒక్కడే అడిగేవాడు కాదు. జోకింది తీసుకుని మెట్లు దిగేవాడు. అది ఆయన స్వభావం. మా నాయనమ్మ మాత్రం దాన్నొక వంశ గౌరవంగా చెప్పుకునేది. మేం పెట్టేటోళ్ళం గాని చెయ్యి చాపేటోళ్ళం గాదని వచ్చిన ప్రతి చుట్టానికీ వినిపించేది.

ఇక నా సంగతి. ఇంట్లో నన్ను మించిన వాగుడుకాయ లేదు. మేకపిల్లతో, అక్కతో, పొయ్యి మీది కుండతో కూడా మాట్లాడేవాణ్ణి. గడప దాటితే మాత్రం నోరు పడిపోయేది. ఎవరైనా పలకరిస్తే మాట గొంతుదాకా వచ్చి అక్కడ చిక్కుకునేది. నాలుక అంగిటికి అంటుకుపోయినట్టుండేది. ఎందుకలా అని ఈ వయసులో కూడా నన్ను నేను ప్రశ్నించుకుంటాను.  ఎవరూ కొట్టలేదు, భయపెట్టలేదు. నేనట్లా ఉన్నాను, అంతే. బయట నా మాటలన్నీ అక్క మాట్లాడేది. నేను ఆమె చెయ్యి గిల్లితే చాలు, నాకేం కావాలో చెప్పేసేది.

నాయనమ్మ చెయ్యని వైద్యం లేదు. వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాసేది. ఆ ఘాటుకు కళ్ళలో నీళ్ళు వచ్చేవి. చిలక కొరికిన జామకాయ తింటే మాటలొస్తాయని తోట తోటా తిరిగి, చిలకలు పడేసిన కాయలు ఏరుకొచ్చేది. దర్గాకు పోయి తావీజు తెచ్చి మెడలో కట్టింది. జామకాయలు మాత్రం నాకు బాగా నచ్చాయి. చిలక కొరకని కాయలకు కూడా నేనే పంటితో గాటు పెట్టి, అవ్వా ఇది చిలకదే అని తినేవాణ్ణి. ఆమె కనిపెట్టి కూడా ఊరుకునేది. ఇంత కపటం తెలిసినోడు మూగోడెట్ల అయితడు అని అమ్మతో అన్నదట.

ఆ ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో బాపు నన్ను బడికి తీసుకుపోయాడు. బడి అంటే పెంకుటిల్లు, ఒకటే గది. పెద్దసారు నన్ను కుడిచేత్తో తల మీదుగా ఎడమ చెవి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. వయసు సరిపోయిందన్నాడు. పేరడిగాడు. నేను నేల చూశాను. మళ్ళీ అడిగాడు. గదిలోని పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. బాపు చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు. ఆయన చెడ్డవాడు కాదు. గది నిండా పిల్లలు, చెప్పేది ఒక్కడు. మాట్లాడని పిల్లవాణ్ణి ఏం చేసుకోవాలో ఆయనకూ తెలిసి ఉండదు. నన్ను బయటికి పంపి బాపుతో అన్న మాటలు కిటికీలోంచి నాకు వినబడ్డాయి.

"దసరా సెలవులైనంక తీస్కరా. పేరడిగితే చెప్పాలె. గప్పుడు గూడ చెప్పకుంటే పట్నంల మూగపిల్లల బడి ఉన్నది. ఆడనే ఉంచుకుంటరు. గదే నయం వానికి."

ఆడనే ఉంచుకుంటరు అన్నది నాకు అర్థమయింది. ఇంటికి వచ్చే దారిలో బాపు వేలు పట్టుకుని ఎన్నడూ లేనంత గట్టిగా నొక్కాను. ఆయన కూడా వదలలేదు. ఆ సాయంత్రం అమ్మ అన్నం తినలేదు. అక్క నన్ను పక్కలో పడుకోబెట్టుకుని, నువ్వు పట్నం పోతే మేకపిల్ల నాదే అన్నది, మళ్ళీ తనే ఏడ్చింది.

కొద్దిరోజుల తర్వాత ఒక మధ్యాహ్నం బాపు నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. నేను పెరట్లో దుకాణం ఆట ఆడుతున్నాను. రెండు కొబ్బరి చిప్పలకు తాళ్ళు కట్టి తరాజు చేసి, ఇసుక జోకుతూ, దుకాణదారు సేటు నేనే, బేరానికి వచ్చినవాణ్ణి నేనే. సేటు దగ్గు దగ్గుతాను, వెంటనే ఇటు తిరిగి కొసరు ఇయ్యి సేటూ అని కేకలేస్తాను. సేటు ఇవ్వనంటాడు. ఇస్తవా ఇయ్యవా అని మేకపిల్లను సాక్ష్యం పిలిచి కొట్లాడతాను. బాపు నిద్రపోతున్నాడనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని అంతా విన్నాడట. లేచి అమ్మతో ఒకే మాట అన్నాడట: వీడు బయట ఏదన్నా అడిగితే కొసరే అడుగుతడు.

ఆ మర్నాటి నుంచి బాపు రోజూ సాయంత్రం నన్ను దుకాణాలకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. అక్క వస్తానంటే వద్దన్నాడు. అంతకుముందు వారానికొకసారి సంచి నింపుకొచ్చే మనిషి, ఇప్పుడు ఒకరోజు ఉప్పుకు, ఒకరోజు చింతపండుకు, ఒకరోజు దీపానికి గ్యాసునూనెకు బయలుదేరేవాడు. నాకది పండగలా ఉండేది. వాన వెలిసిన సాయంత్రాలు, బురదలో బండి చక్రాల గీతలు, వాటిలో నిలిచిన నీళ్ళు. బాపు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాడు. నేను నీళ్ళున్న గాడిలోనే నడిచేవాణ్ణి.

మొదట సేటు దుకాణం. ఎత్తు మెట్లు, లోపల ఎప్పుడూ సగం చీకటి. ఎండుమిర్చి బస్తా దగ్గరికి పోతే తుమ్ములు, దాని పక్కనే నల్లబెల్లం, ఆ పక్కన గ్యాసునూనె డబ్బా. ఈ మూడింటి వాసనా కలిసి ఒక్కటే వాసన అయ్యేది. నేను చేసే తొలి పని జొన్నల బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చడం. లోపల జొన్నలు ఎంత చల్లగా ఉంటాయో దూర్చినవాళ్ళకే తెలుసు. సేటు చూసీ చూడనట్టు దగ్గేవాడు.

మొదటిరోజు సేటు ఉప్పు జోకి, నా దిక్కు చూసి, పుట్నాల డబ్బా మూత తీసి ఆగాడు. ఎప్పుడూ నేను చెయ్యి చాపకముందే పెట్టేవాడు. ఆ రోజు పెట్టలేదు. డబ్బాలోంచి వేయించిన శనగల వాసన వస్తున్నది. నేను సేటును చూస్తున్నాను, సేటు నన్ను చూస్తున్నాడు. అప్పుడు బాపు, ఎన్నడూ ఏ దుకాణంలోనూ చెయ్యి చాపని బాపు, అరచెయ్యి ముందుకు పెట్టి అన్నాడు.

"సేటూ, కొసరు ఇయ్యి."

దుకాణంలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. సేటు నాలుగు పుట్నాలు ఆయన చేతిలో వేశాడు. బాపు అవి నాకు పెట్టలేదు. తను నోట్లో వేసుకుని నమిలాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. అడిగితే వస్తది బిడ్డా, సేటు మంచోడు అని మాత్రం అన్నాడు.

తర్వాతి మజిలీ రోడ్డు పక్కన గుడాల అవ్వ. ఉడికించిన అలసందల గుడాలు, మీద ఉల్లిపాయ, ఉప్పుకారం, మోదుగాకులో పెట్టి ఇచ్చేది. చివర నిమ్మకాయ పిండితేనే వాటికి రుచి. ఆమె నాకు ఇచ్చిన ఆకులో నిమ్మకాయ పిండలేదు. చెవిటివాడికి చెప్పినట్టు నా మొహంలో మొహం పెట్టి అరిచింది.

"ఏందిరా, నోట్లె బెల్లం పెట్టుకున్నవా? నిమ్మకాయ గావాల్నంటే అడుగు. నేనేమన్న నీ మనసుల కూసున్ననా?"

నేను అడగలేదు. చప్పటి గుడాలే తిన్నాను. బాపు తన ఆకు ముందుకు చాచి, అవ్వా, జర నిమ్మకాయ పిండు, ఇంకిన్ని గుడాలు గూడ కొసరెయ్యి అన్నాడు. అవ్వ తక్కువది కాదు. ఏం పటేలా, పెద్దరికం ఎండలవెట్టినవా అని నవ్వుతూనే వేసింది.

చివరికి చాచా హోటలు. పెద్ద గిన్నెలో పాలు కాగుతూ మీగడ కట్టేవి, అద్దాల డబ్బాల్లో బన్నులు, బిస్కట్లు. బాపు చాయ్ తాగి సాసర్లో నాకు కొంచెం పోసేవాడు. చాచా అక్కడికి వచ్చే పిల్లలందరికీ విరిగిన బిస్కట్ ముక్క ఒకటి కొసరుగా ఇచ్చేవాడు. నాకూ పోయినప్పుడల్లా ఇచ్చేవాడే. అక్కడా ఆగిపోయింది. అక్కడా బాపే అడిగేవాడు, బాపే తినేవాడు.

ఇట్లా రోజులు గడిచాయి. ప్రతి సాయంత్రం బాపు మూడు చోట్లా చెయ్యి చాపుతాడు, నేను నోరు మూసుకుని చూస్తాను. నాకు కోపం వచ్చేది. బాపు నా పుట్నాలు తింటున్నాడని నాయనమ్మకు ఫిర్యాదు చేశాను. ఆమె విని మొహం ముడుచుకుని లోపలికి పోయింది.

అసలు సంగతి నాకు చాచా దగ్గర తెలిసింది. ఆ రోజు వాన జోరుగా పడుతున్నది. హోటల్లో మేం తప్ప ఎవరూ లేరు. బిస్కట్ డబ్బా తెరిచి ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. చాచా ఒక్కసారిగా విరగని బిస్కట్ నిండుది తీసి నా చేతిలో పెట్టి, బాపు దిక్కు తిరిగి చేతులు జోడించాడు.

"మాఫ్ చెయ్యి పటేల్ సాబ్. వాడు అడిగేదాంక ఇయ్యొద్దంటివి, ఒప్పుకుంటి. గని గట్ల చూస్తుంటే నాతోని అయితలేదు."

బాపు చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నేను బిస్కట్ చేతిలో పట్టుకుని ఉన్నాను గానీ తినలేకపోయాను. అంటే అందరితోనూ బాపే చెప్పాడన్నమాట. సేటుతో, అవ్వతో, చాచాతో. నా చేత అడిగించడానికే తను అడుగుతున్నాడు. చిన్నపిల్లవాణ్ణే అయినా ఆ మాత్రం నాకు తెలిసింది. తెలిసినంత మాత్రాన నోరు రాలేదు. మర్నాడు సేటు ముందు నిలబడి పెదాలు కదిలించాను. గాలి తప్ప ఏమీ రాలేదు. అది బాపు చూశాడు. ఆ రోజు పుట్నాలు ఆయన కూడా తినలేదు, దారిలో గువ్వలకు చల్లాడు.

ఊరంటే ఊరే కదా. బాపు చాటుగా చేసిన ఏర్పాటు ముగ్గురు దుకాణదారులకు తెలుసు. వాళ్ళు నోరు విప్పలేదు. మిగతావాళ్ళందరికీ కనబడింది ఒకటే, ఎన్నడూ అడగని మనిషి రోజూ దుకాణం దుకాణానికీ పోయి కొసరు అడుగుతున్నాడని. మాట చేన్లు దాటి, రాజేంద్రనగర్ అవతల ఉన్న మా మేనమామ ఊరి దాకా పోయింది. ఒక మధ్యాహ్నం మేనమామ బండి మా వాకిట్లో ఆగింది. బండిలో జొన్నల బస్తా, నువ్వుల మూట, కుండెడు నెయ్యి. ఇటు నుంచి పోతున్న, ఊకె దించిపోదమని వచ్చిన అన్నాడు గానీ, కళ్ళు మాత్రం ఇంట్లో ఏం ఉన్నాయి, ఏం లేవు అని గోడలంతా వెతుకుతున్నాయి. మా గాదెలో గింజలున్నాయో లేదో చూడ్డానికి నీళ్ళు తాగే నెపంతో లోపలికి కూడా పోయి వచ్చాడు.

నాయనమ్మ బండి ముందు నిలబడింది. కోడలి పుట్టింటి నుంచి గింజలు రావడం ఆమెకు చావుతో సమానం. బస్తా దించితే నేను ఈ ఇంట్లో ఉండనన్నది. అమ్మ ఒక మూల నిలబడి ఏడుస్తున్నది. ఒక్క మాట చెబితే అయిపోయేది. పిల్లవాడి కోసం చేస్తున్నానని బాపు అంటే చాలు. మేనమామ నవ్వి వెనక్కి తోలుకుపోయేవాడు. నేను అక్కడే, బండి చక్రం పట్టుకుని నిలబడి ఉన్నాను. బాపు నన్ను చూశాడు. నా ముందు ఆ మాట అంటే ఆట చెడిపోతుందనుకున్నాడో, మూగవాడన్న మాట నా ముందు రాకూడదనుకున్నాడో, అది ఆయన ఎన్నడూ చెప్పలేదు. బండి దగ్గరికి పోయి జొన్నల బస్తా తన వీపు మీద తనే ఎత్తుకున్నాడు.

"మంచి పని చేసినవు బావా" అన్నాడు.

అంత కష్టపడి పండించే మనిషి, తన గాదె నిండుగా ఉండగా, ఎవరో జాలిపడి తెచ్చిన గింజలను మోసుకుంటూ తన ఇంట్లోకి తానే నడిచాడు. ఆ వీపు నాకు ఇప్పటికీ కనబడుతుంది. నాయనమ్మ రెండు రోజులు బాపుతో మాట్లాడలేదు.

అది అయిన కొద్దిరోజులకే, దసరా దగ్గర పడుతుండగా, సేటు దుకాణం అరుగు మీద మేం కాక అని పిలిచే ఒకాయన కూర్చుని ఉన్నాడు. మండిలో బాపు పక్కనే కూర్చుని టమాటలు అమ్మే మనిషి. కాకకు నోటి దురుసు ఎక్కువ, మనసులో ఏమీ ఉండదు. దుకాణం నిండా జనం. బతుకమ్మ రోజులు కదా, బెల్లానికీ నువ్వులకూ వచ్చినవాళ్ళు. సేటు మాకు ఉప్పు జోకి పొట్లం కట్టాడు. బాపు ఎప్పటిలాగే చెయ్యి చాపాడు. కాక అందరూ వినేటట్టు అన్నాడు.

"ఏం పటేలా, మండిల పంచుడు, ఈడ అడుక్కునుడు. మీ బావ జొన్నలు గూడ దించిండంట గద. నీ లెక్క నాకు సమజైతలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. సేటు ఏదో చెప్పబోయాడు. బాపు కళ్ళతోనే వద్దన్నాడు. చాపిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ చెయ్యి నా మొహానికి సరిగ్గా ఎదురుగా ఉంది. గట్టిపడిన అరచెయ్యి, గీతల్లో మట్టి.  నేను దాన్ని చూస్తున్నాను.

"మా బాపు అడుక్కుంటలేడు. నేను అడుగుతలేనని అడుగుతుండు."

ఆ మాట ఎవరిదో తెలియక నేనే చుట్టూ చూశాను. అందరూ నా దిక్కు చూస్తున్నారు. జొన్నల బస్తా దగ్గర నిలబడి నేనే అన్నాను. గొంతు సన్నగా, కీచుగా, ఇంట్లో ఉండే గొంతులా లేదు.   కాక అరుగు దిగి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, నాకు తెల్వదు కొడుకా అన్నాడు. గబగబా వెళ్ళిపోయాడు. తను కొన్న బెల్లం అక్కడే మరిచిపోయాడు.

బాపు నన్ను ఎత్తుకోలేదు. మెచ్చుకోలేదు. నా దిక్కు చూడను కూడా లేదు. గోడ మీది దేవుడి పటాన్ని చూస్తూ సేటుతో, ఉప్పు జోకు సేటూ అన్నాడు. ఉప్పు అప్పటికే జోకి, పొట్లం కట్టి, ఆయన చేతిలోనే ఉంది. సేటు ఆ పొట్లం తీసుకుని, దారం విప్పి, ఉప్పంతా తరాజులో పోసి మొదటి నుంచి మళ్ళీ జోకాడు. దానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా బాపు అటు తిరిగే ఉన్నాడు. ఈలోగా ఒకరిద్దరు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఎండుమిర్చి బస్తా దగ్గరే ఉంది కాబట్టి అందుకేనేమో అనుకున్నాను అప్పుడు.

ఇంటికి పోగానే నాయనమ్మ నా చేత ఆ మాట మళ్ళీ మళ్ళీ అనిపించుకుంది. ఆ తర్వాత బాపు ముందు కంచం పెట్టి తనే వడ్డించింది. రొట్టెలు మేనమామ తెచ్చిన జొన్నలవే. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

దసరా సెలవులు అయ్యాయి. బడికి పోయే దారి పొడవునా తంగేడు పూలు పసుపుపచ్చగా, కొన్ని అప్పటికే రాలిపోయి. పెద్దసారు నన్ను గుర్తుపట్టాడు. పేరడిగాడు. నేను అలవాటు ప్రకారం బాపు కోసం చూశాను. ఆయన గదిలో లేడు. నాకు కనబడకుండా, బయట గోడ వెనక్కి పోయి నిలబడ్డాడు. గడప దగ్గర విప్పిన చెప్పులు మాత్రం కనబడుతున్నాయి. మాట మళ్ళీ గొంతులో చిక్కుకుంది. సారు తొందర పెట్టలేదు. పెన్ను మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు. నేను ఆ చెప్పులకేసి చూస్తూ నా పేరు చెప్పాను. గట్టిగా చెప్పమన్నాడు. గట్టిగా చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఇంకేముంది, అయిపోయింది పో అన్నాడు. నేను కదలలేదు.

"యాడ కూసోవాలె సార్?" అని అడిగాను.

పెద్దసారు తల పైకెత్తి నన్ను చూశాడు. లేచి వచ్చి కిటికీ పక్కన ఇద్దరు పిల్లలను జరిపి నాకు చోటు చేశాడు. గోడ వెనక నుంచి బాపు దగ్గిన చప్పుడు వినబడింది. మళ్ళీ చూస్తే గడప దగ్గర చెప్పులు లేవు.

సేటు దుకాణం ఉన్న చోట ఇప్పుడు రోడ్డే ఉంది. ఎత్తు మెట్లు, సగం చీకటి, ఆ వాసన అన్నీ దాని కిందే ఉన్నాయి. చాచా హోటలు ముందే పోయింది. అవ్వ కూర్చునే చోటు ఎక్కడో నేను ఇప్పుడు వేలు పెట్టి చూపించలేను. మా చేను మీదుగా విమానాలు దిగుతాయి. నేను మంచి నౌకరీ చేశాను. పెద్ద పెద్ద గదుల్లో లేచి నిలబడి నలుగురి కోసం అడగవలసిన రోజులు చాలా వచ్చాయి. అడిగాను. అడిగిన ప్రతిసారీ గొంతులో ఒక్క క్షణం ఆ పాత చిక్కు తగిలేది, పోయేది. ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అంటే బడి పేరు చెప్పేవాణ్ణి. అది సగమే నిజం. చదువు రాని, మాట తక్కువైన ఒక మనిషి, తనకు అన్నిటికంటే కష్టమైన పనిని రోజూ పదిమందిలో చేసి చూపించాడు. దాని గురించి ఆయన బతికున్నన్నాళ్ళూ ఎవరితోనూ ఒక్క మాట చెప్పుకోలేదు.

బడిలో చేరిన మర్నాడు సాయంత్రం మేం మళ్ళీ సేటు దుకాణానికి పోయాం. బాపు చింతపండు అడిగాడు. సేటు జోకాడు, పుట్నాల డబ్బా మూత తీసి పెట్టాడు. బాపు డబ్బా దిక్కు చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు మీద పోయే లారీని చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఏ దుకాణంలోనూ ఆయన చెయ్యి చాపగా నేను చూడలేదు. సేటు నా దిక్కు తిరిగాడు. అడగడం అప్పటి నుంచి నా వంతు.